సగం ధర వేళ

ఏంబలం,
ఆడి నెల మొదటి శుక్రవారం.

తమ్ముడు రత్నానికి అక్క సౌభాగ్యం దీవించి రాసేది.

జాబులో ముందుగా బాగుండానని రాయాలని నాయన తిన్నెమీద కూచోబెట్టి నేర్పించినాడు గదా. కాబట్టి బాగుండా.

నా ఫోను నీ బావ పెట్టెలో పెట్టి తాళమేసినాడు. పాప కీర్తిక ఇల్లిడిచి పోయినప్పటినుంచీ యాడ ఫోను మోగినా ఆయనా భువనేశూ ఇద్దరూ లేస్తారు. కొడుకు గూడా తండ్రి మాదిరే తయారైనాడు. అందుకే ఈ జాబు. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతామే గానీ ఆ అక్షరం తెలిసింది నేనొకతెనే. మిగతావాళ్ళు తమిళమే చదువుతారు.

ఆవణి నెలలో కల్యాణం పెట్టుకుంటే రెండు నెలలు ముందుగా ఆనిలోనే పోయింది పిల్ల. ఎవునితో పోయిందని ఆయన అడగని మనిషి లేడు. ఎవునితోనూ పోలేదు, ఒగతే పోయింది అంటే నమ్మడు. ఒగతే పోయిందంటే ఆయనకు ఇంకా అవమానం.

మొన్న పక్కింటి రాజాత్తి కేకేసి తన ఫోను నా చేతిలో పెట్టింది. పాపే. "మా, నేను పుదుచ్చేరిలోనే ఉండా, పిజ్జా కడలో పని. ఉండు మా, హ్యాపీ అవర్ మొదలైంది, జనం వచ్చేస్తారు" అనింది. పెట్టేసింది. మళ్ళా చేయలా. ఆ నంబరుకు చేస్తే ఎవురూ ఎత్తరు.

హ్యాపీ అవర్ అంటే ఏంది తమ్ముడా? కడ పేరా?

నువ్వు ఆ ఊర్లోనే ఉండావు, చదువుకున్నోడివి. ఎతుకు. కనిపిస్తే రాయి. నాకొక్కదానికే. తింటా ఉందా, యాడ పడుకుంటా ఉంది, అంతే నాకు కావాల్సింది.

నీ అక్క,
సౌభాగ్యం


గోరిమేడు,
24 జూలై.

పూజ్యురాలైన అక్కయ్యకు నమస్కారములు.

నీ లేఖ అందింది. చదివి నీ మరదలు జయంతికి కూడా వినిపించాను. మన ఇంటి ఆడపిల్ల అంగడిలో అపరిచితులకు వడ్డన చేస్తున్నదన్న మాట ఒక బాధ. ఆమె ఈ ఊరిలోనే ఉండి మేనమామ గడప తొక్కలేదన్నది మరొక బాధ. రెండవదే పెద్దది.

నీవు అడిగినది అంగడి పేరు కాదు. మధ్యాహ్న భోజనాలకూ రాత్రి భోజనాలకూ నడుమ ఉపాహారశాలలు ఖాళీగా ఉంటాయి. ఆ వేళలో గిరాకీని రప్పించడానికి సగం ధరకు అమ్మే పద్ధతిని అలా పిలుస్తారు. వాణిజ్యశాస్త్రంలో నేను చదివిన విషయమే. మాటకు మాట తెనిగిస్తే నవ్వులాటగా ఉంటుంది కనుక మనం దానిని సగం ధర వేళ అందాం. ఇది మనకు ఉపయోగపడే ఆధారం. పిజ్జా అమ్మే అంగళ్ళు ఈ ఊరిలో లెక్కకు మించి ఉన్నాయి. సగం ధర వేళ పాటించేవి అన్ని ఉండవు. వాటిని ఒక్కొక్కటిగా చూస్తాను. పగలు మిల్లులో దారపు కండెలు మోసి, సాయంకళాశాలలో చదివి, నలభయ్యవ ఏట పట్టా పుచ్చుకున్నవాడిని. క్రమపద్ధతిగా వెదకడం నాకు తెలుసు. కార్యాలయంలో ముందుగా వెళ్ళడానికి అనుమతి కోరాను.

కొనకుండా ఉపాహారశాలలో కూర్చోవడం నా స్వభావం కాదు. అందువల్ల తినవలసి వస్తుంది. తింటాను.

నీకొక్కదానికే రాయమన్నావు. అలాగే చేస్తాను. అయితే ఇంటి యజమానికి తెలియకుండా ఇంటి విషయం నడపడం ధర్మమేనా అన్న సందేహం నాకు ఉన్నదని కూడా రాయడం నా విధి.

ఇట్లు,
రాజరత్నం, బి.కాం.


ఏంబలం,
ఆడి పదిహేడు.

రత్నానికి,

అక్కకు రాసే జాబులో గూడా బి.కాం. అని చేవ్రాలు పెడతావేందిరా? నేనేమన్నా నీకు ఉద్యోగం ఇస్తానా?

నీ జాబు నేరుగా నీ బావ చేతికే వచ్చింది. కవరు చించి నా ముందర పెట్టి "చదువు" అన్నాడు. భువనేశు పక్కన నిలబడినాడు. నమస్కారములు దాకా నీ మాటే చదివినా. ఆడనుంచి నా మాట. జయంతికి మోకాళ్ళు నొప్పి, వేపనూనె రాస్తా ఉండావు, ఈ తడవ వరికి పేడ ఎరువు ఎక్కువ ఏస్తే మేలని ఎవురో చెప్పినారంట, ఇట్ట. "ఇంత పొడుగు జాబులో ఇంతేనా ఉండేది?" అన్నాడు. "వాడు పట్టా చదువు చదివినోడు, ఒగ మాటకు పది మాటలు రాస్తాడు" అన్నా. నమ్మేసినాడు. పేడ గూడా తోలించినాడు.

నవ్వొద్దు. ఇది చదువు.

పెరటాసి అమావాస్యకు ఏటిగట్టున పాపకు కర్మం చేస్తాడంట. బతికుండే బిడ్డకు. పెద్దోళ్ళకు నీళ్ళు వదిలే దినమే దానికీ వదిలేస్తా, దాంతో నాకు కూతురు లేదు అంటాడు. ఆయన ఇంటిపేరు పంగాళీలు అందరూ సరే అన్నారు. పటం పెట్టి, తల గొరిగించుకోని, పిండం పెడతారంట. ఆ పటానికి మేనమామ కొత్తబట్ట తెచ్చి కప్పాల. నువ్వు కప్పకపోతే అది కర్మం కాదని పూజారి చెప్పినాడు. నీకు చెప్పేదానికి నీ బావ మనిషిని పంపిస్తాడు.

అంతలోపల కనిపెట్టు తమ్ముడా.

సౌభాగ్యం


గోరిమేడు,
17 ఆగస్టు.

పూజ్యురాలైన అక్కయ్యకు నమస్కారములు.

బావగారు పంపిన మనిషి వచ్చి వెళ్ళాడు. కాఫీ ఇచ్చాను, జవాబు ఇవ్వలేదు. నీకు ఇస్తున్నాను. ఆ కొత్తబట్ట నా చేతులతో రాదు. ఊపిరి ఉన్న బిడ్డకు బట్ట కప్పడానికి కాదు నేను మేనమామనైనది. ఆ పిల్లకు చెవులు కుట్టించినది నా ఒడిలోనే.

ఇక వెదుకులాట సంగతి. బీచ్ రోడ్డు దగ్గర మేడమీద ఉన్న అంగడికి మొదట వెళ్ళాను. వడ్డించే మనిషి, "బీరు తీసుకుంటేనే సార్ పిజ్జా సగం" అన్నాడు. నేను మద్యం సేవించనని చెప్పాను. "అయితే పూర్తి రేటు సార్. మంచి అలవాట్లకు ఖర్చు ఎక్కువ" అన్నాడు. నేను నవ్వలేదు. పూర్తి ధర ఇచ్చి తిన్నాను. అక్కడ పనిచేసేవారందరూ మగవారే.

మిషన్ వీధిలో అద్దాల గోడలున్న అంగడిలో ఆడపిల్లలే ఎక్కువ. అందరూ ఒకే రంగు టోపీ పెట్టుకుంటారు, ముఖం సగమే కనబడుతుంది. ఒక్కొక్కరినీ పరిశీలనగా చూడవలసి వచ్చింది. కొంతసేపటికి నిర్వాహకుడు వచ్చి, "పెద్దాయనా, తినడం అయిందిగా, లేవండి. మా పిల్లలు ఇబ్బంది పడతా ఉన్నారు" అన్నాడు. మేనకోడలిని వెదుకుతున్నానని చెప్పాను. "అందరూ అదే చెబుతారు" అన్నాడు. అక్కయ్యా, మిల్లులో కూలివానిగా ఉన్న రోజుల్లో కూడా నన్ను కూర్చున్న చోటి నుండి ఎవరూ లేవమనలేదు. బస్సు ఎక్కకుండా గోరిమేడు దాకా నడిచాను.

మరునాడు మళ్ళీ బయలుదేరాను. వేరొక అంగడికి.

ఇప్పుడు నాకు పిజ్జా గురించి అవసరానికి మించి తెలుసు. మంచిదానికి అడుగున అక్కడక్కడా నల్లని మచ్చలు ఉంటాయి, మన ఇనుప పెనం మీది దోసెకు ఉన్నట్టు. సగం ధర వేళలో పొద్దుటిది వేడి చేసి పెట్టే అంగళ్ళు ఉన్నాయి. అంచు విరిస్తే తెలిసిపోతుంది, చల్లారిన చపాతీ వలె సాగుతుంది. సగం ధరకైనా అప్పటికప్పుడు కాల్చి ఇచ్చేవి కొన్నే. కీర్తిక కేటరింగ్ చదువు రెండేళ్ళు చదివింది, ఆ కొన్నిటిలోనే ఉండి ఉంటుందని నా ఊహ. బావగారు ఆ చదువు మాన్పించకపోతే అన్న మాట రాయబోయి ఆపుకున్నాను.

జయంతి, "పెళ్ళయినకాడినుంచీ నన్నొక్కదినం హోటలుకు తీసకపోలా. ఇప్పుడు మీరు మాత్రం దినానికొగటి. పిల్ల దొరికేలోపల మీకు చొక్కాలు పట్టవు" అంటున్నది. ఈ ఊరిలో పుట్టాను, ఈ ఊరు నాకు తెలుసుననుకున్నాను. ఏ అంగడికి వెళ్ళినా వంటగది తలుపు వేసే ఉంటుంది. నేను ఇంతవరకు తిన్నవాటిలో ఏదో ఒకటి ఆ పిల్ల చేతిదేనేమో, తెలియక తిని, చెయ్యి కడుక్కుని వచ్చేశానేమో అన్న తలంపు రాత్రివేళ నిద్ర పట్టనివ్వడం లేదు.

ఇట్లు,
రాజరత్నం, బి.కాం.


ఏంబలం,
వినాయక చవితి మరుదినం.

రత్నానికి,

చవితికి కజ్జికాయలు చేసినా. ఎవురి కోసమని అడగొద్దు. పిండి కలిపినాను, పూర్ణం పెట్టినాను, అంచు మడిచేకాడికి వచ్చి చెయ్యి ఆగిపోయింది. అది ఎప్పుడూ పాప పనే. అమ్మ మాదిరి దానిదీ ఎడమచెయ్యి గదా. అందరి మడతలూ ఒగ పక్కకు వాలితే అమ్మ మడతలు ఇంకొగ పక్కకు వాలేవి, పాపవీ అంతే. పక్కింటోళ్ళు పళ్ళెం చూసి అమ్మ పేరు చెప్పి, "ఇది అమ్మాయమ్మ ఇంటి కజ్జికాయ" అనేవాళ్ళు. అమ్మ పోయినాక గూడా అనేవాళ్ళు. ఈ తడవ ఎవురూ అనలా.

నీ బావ ఒగటి కొరికి పళ్ళెం పక్కకు పెట్టేసినాడు. ఆయనకు గూడా తెలిసినట్టుంది. లేచిపోయి ఏటికాడ కర్మానికి గుడారం ఎవురు ఏస్తారని మాట్లాడినాడు.

నేను ఏడవలేదు. ఏడిస్తే భువనేశు పోయి చెబుతాడు.

సౌభాగ్యం


గోరిమేడు,
6 సెప్టెంబరు, శనివారం.

అక్కయ్యకు నమస్కారములు.

కనబడింది.

వైట్ టౌన్‌లో జనం అంతగా తిరగని వీధి ఒకటి ఉంది. పసుపు గోడలు, నీలం తలుపు, లోపల చిన్న ముంగిలి. బయట పలకమీద సుద్దతో సగం ధర అని రాసి ఉంది. శ్యామ్‌సుందర్ అనే వడ్డన మనిషి, "ఈ దినం మడత పిజ్జా మాత్రమే సార్ సగం" అన్నాడు. సరేనన్నాను. అప్పటికి నాకు ఆకలి గాని ఆశ గాని లేవు.

పళ్ళెం ముందుకు వచ్చింది. అర్ధచంద్రాకారంగా మడిచి, అంచంతా నొక్కి తిప్పిన మడతలు. అవి వాలిన వైపు చూశాను. అక్కయ్యా, అమ్మ పోయిన నాడు కూడా నేను నలుగురిలో కన్నీరు పెట్టలేదు.

దీనిని చేసిన వ్యక్తిని పిలవమన్నాను. "బాగాలేదా సార్?" అని అతడు భయపడ్డాడు. "బాగుంది. అందుకే" అన్నాను.

మోచేతుల దాకా పిండితో, తలకు గుడ్డ కట్టుకుని వచ్చింది. "మామా!" అన్నది. వెంటనే నా వెనుకకు, వీధి తలుపు వైపు చూసింది.

"ఒగరే వచ్చినారా?"

"ఒక్కడినే."

అప్పుడు కూర్చున్నది. "మీరు హ్యాపీ అవర్‌కు రావడమేంది మామా! అత్తకు తెలుసా?" అని నవ్వింది. చిక్కిపోలేదు. నీవు అడిగినవి అడిగాను. అంగడి యజమానురాలి మేడమీద గది ఇచ్చారు, మరొక పిల్ల కూడా ఉంటుంది. "అమ్మకు చెప్పండి, మిగిలిన పిజ్జాలన్నీ తిని లావైపోయినానని" అన్నది.

అమావాస్య సంగతి చెప్పాను. దాచడం నాకు చేతకాలేదు. చేతుల నుండి బల్లమీద రాలిన పిండిని వేలితో చెరిపింది. తరువాత, "ఏ పటం పెడతారంట? ప్లస్ టూ లో తీసింది వద్దని చెప్పండి. దాంట్లో నేను బాగుండను" అన్నది.

నేను బావగారితో మాట్లాడతానన్నాను. ఆమె ముఖం మారిపోయింది. "నాయనకు చెప్పొద్దు మామా. మీకు మాటలుండాయి. ఆయనకు మనుషులుండారు" అన్నది. చిన్నపిల్ల వలె బల్లమీద చెయ్యి కొట్టి ఒట్టు పెట్టమన్నది. నేను ఒట్లు పెట్టే మనిషిని కాను. ఈ అంగడి ఎక్కడ ఉన్నదో నా నోటి నుండి రాదని మాత్రం హామీ ఇచ్చాను. నా హామీ ఒట్టు కన్న గట్టిది.

ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. రేపు ఉదయం ఏంబలం వస్తున్నాను. పిల్ల గౌరవంగా బతుకుతున్నదనీ, బతికి ఉన్నదానికి కర్మ చేయడం శాస్త్రమూ కాదు, న్యాయమూ కాదనీ బావగారికి ముఖాముఖి చెబుతాను. చదువుకున్నవాడు నిదానంగా చెప్పిన మాటను ఎవరైనా వింటారని నా నమ్మకం. అక్కడ మనిద్దరం విడిగా మాట్లాడుకోవడానికి వీలుండదు కనుక, నా తరువాత చేరినా సరేనని ఇదంతా రాస్తున్నాను.

నీ కోసం ఒక మడత పిజ్జా చేసి ఇచ్చింది. "పెట్టె వద్దు మామా, ఆకులోనో కాగితంలోనో చుట్టి ఇయ్యండి" అన్నది. అట్టపెట్టె ఎందుకు వద్దన్నదో తెలియలేదు, చక్కని పెట్టె. బిడ్డ మొదటి సంపాదనతో తల్లికి పంపిన వస్తువు పాత కాగితంలో చుట్టి ఇవ్వడం మర్యాద కాదు. పెట్టెతోనే తెస్తున్నాను.

ఇట్లు,
రాజరత్నం, బి.కాం.


ఏంబలం,
ఆవణి చివరి గురువారం.

రత్నం,

నువ్వు శనివారం రాసిన జాబు నిన్న వచ్చింది. నీ బావకు చదివి వినిపించే పని లేకపోయింది. ఆయన ఇంక జాబులు అడగడు. ఆయనకు కావాల్సింది దొరికింది.

ఆదివారం నువ్వు పంచ కట్టుకోని వచ్చి, కుర్చీలో నిటారుగా కూచోని, పుస్తకం చదివినట్టు మాట్లాడినావు. నీ బావ ఒక్కమాట అడ్డం చెప్పలా. కాఫీ పోయించినాడు. "యాడుంది?" అని మెల్లిగా అడిగినాడు. "అది చెప్పనని మాట ఇచ్చాను బావగారూ" అన్నావు. ఆయన తల ఊపినాడు. నీకు ఎంత సంతోషమో నీ మొగం చూస్తే తెలిసింది, గెలిచినోని మాదిరి ఉండావు. ఆడ తిన్నెమీద ఆ పెట్టె.

నేను వంటింటి గడపలో ఉండా. పెట్టెమీద కడ పేరు, వీధి పేరు తమిళంలో ఇంత పెద్దగా. భువనేశు వంగి చదవతా ఉండాడు. నేను చెంబు కింద పడేసినా. నువ్వు తల తిప్పి, "జాగ్రత్త అక్కయ్యా" అన్నావు.

ఈ ఇంట్లో ఎవురికీ చదవను రాదని నేను రాసింది తెలుగు గురించి తమ్ముడా. తమిళం వాళ్ళకు వస్తాది.

నువ్వు బస్సెక్కినాక వాళ్ళు కారెక్కినారు. రెండు కార్లు. కడలో జనం ముందర కుర్చీలు తన్నినారంట, ఆ యజమానురాలిని తిట్టినారంట. భువనేశే వచ్చి గొప్పగా చెప్పినాడు. పాప వెనక గోడ దూకి పోయింది. తలకు గుడ్డతో, చేతులకు పిండితోనే. యాడికి పోయిందో ఎవురికీ తెలీదు. నాకూ తెలీదు. ఈసారి నిజంగానే తెలీదు.

ఇంక నీకు చెప్పేస్తా. ఆనిలో తెల్లారి పాలకు పోయే వేళ తలుపు తీసింది నేనే. బస్సెక్కించింది నేనే. నా కమ్మలు అరిగినాయని మార్చేదానికి ఇచ్చినానని నీ బావకు చెప్పినా, అవి నిజానికి పాప కాడ ఉండాయి. ఇంటికి తెమ్మని నేను నిన్ను ఎతకమనలేదు. తింటా ఉందా అని తెలుసుకోమన్నా. ముందే నీకు ఎందుకు చెప్పలేదంటే, నీకు అబద్ధం రాదు. చిన్నప్పుడు ఇద్దరం మామిడికాయలు కోసుకొస్తే నువ్వే పోయి తోట ఆయనకు చెప్పొచ్చినావు. ఆ దినం దెబ్బలు తిన్నది నేను.

కోపం ఉంది. అది నాతోనే పోతాది, వదిలెయ్. ఇప్పుడు నేను చెప్పేది చెయ్యి.

అమావాస్యకు కొత్తబట్ట తే. ఊపిరి ఉండే బిడ్డకు కప్పనని రాసినావు. కప్పు. నువ్వు తేకపోతే కర్మం ఆగుతాది. కర్మం ఆగితే ఆయన ఎతకడం ఆగదు. నిన్నటినుంచి చెన్నైకి, కడలూరుకు మనుషుల్ని పంపిస్తా ఉండాడు. అందరి ముందర నీళ్ళు వదిలేసినాక ఇంక పేరెత్తితే ఆయనకే నగుబాటు. ఈ ఊర్లో మగోళ్ళు దేనికైనా తెగిస్తారు గానీ పిండం పెట్టినదాన్ని వాకిట్లోకి రానీరు.

సచ్చినోళ్ళను ఎవురూ ఎతకరు రత్నం.

పటం నేను చూసుకుంటా. ప్లస్ టూ ది పెట్టనీను.

అక్క


గోరిమేడు,
14 సెప్టెంబరు.

అక్కకు,

నీ జాబు చదివాను.

నిన్న ఆ అంగడికి వెళ్ళాను. క్షమాపణ చెప్పాలని అనుకుని, చెప్పవలసిన వాక్యాలు దారిలో సిద్ధం చేసుకున్నాను. యజమానురాలు నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. శ్యామ్‌సుందర్ మాత్రం వచ్చాడు. "మీరు వచ్చి పోయిన మరుదినమే వాళ్ళొచ్చినారు సార్" అన్నాడు, అంతే. కీర్తిక జీతం బాకీ ఉంటే ఇవ్వడానికి కూడా చిరునామా లేదట. బయట పలకమీద సగం ధర అని రాసే ఉంది. మడత పిజ్జా అడిగాను. వచ్చింది. అంచు మడవలేదు, చెంచాతో నొక్కి వదిలేశారు. కాల్చడం బాగానే ఉంది, అడుగున మచ్చలు కూడా ఉన్నాయి. పారవేయకూడదు కనుక మొత్తం తిన్నాను. ఈ ఊరిలో సగం ధర వేళకు మంచి పిజ్జా ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే ఇక నేను చెప్పగలను. ఇన్ని వారాలలో నేను సంపాదించినది అదొక్కటే.

అక్కడి నుండి నెహ్రూ వీధికి వెళ్ళి బట్టల అంగడిలో కూర్చున్నాను. అమ్మే కుర్రవాడు ఉత్సాహంగా చీరలు దులిపి పరిచాడు. "ఎవరికి సార్, పెళ్ళికూతురికా?" అని అడిగాడు.

నాకు అబద్ధం రాదని రాశావు. అతడికి అవునని చెప్పాను. ఏ తడబాటూ లేకుండా వచ్చింది. మేనకోడలికి, ఆవణిలో పెళ్ళి అనుకున్నాం, కొంచెం ఆలస్యమైంది అని కూడా చెప్పాను. "మేనమామ చీరంటే గొప్పగా ఉండాల సార్" అని అతడు ఇంకొన్ని తీశాడు.

అమావాస్య నాడు మొదటి బస్సుకే వస్తాను. నీవు చెప్పినట్టే కప్పుతాను. బావగారు నా ముఖం చూస్తారు, చూడనీ. నీవు అప్పుడు గట్టిగా ఏడవాలి అక్కా, అందరూ వినేటట్టు. నన్ను గురించి దిగులు వద్దు, నాకు నటించవలసిన అవసరం ఉండదు.

ఒక్క సంగతి తెలియక చీర కొనకుండానే వచ్చేశాను. ఆ కుర్రవాడు, "అమ్మాయికి ఏ రంగు ఇష్టం సార్?" అని అడిగాడు. ఎంత ఆలోచించినా నాకు తెలియలేదు. ఆ పిల్ల నా ఒడిలో కూర్చుని చెవులు కుట్టించుకున్నది. ఇంతకాలంలో ఒక్కసారి కూడా నేను అడగలేదు. మా అక్కను కనుక్కుని వస్తానని లేచాను.

అమావాస్యకు ఇంకా వ్యవధి ఉంది. ఈ జాబు అందిన వెంటనే రాయి. దానికి ఏ రంగు ఇష్టం?

రత్నం